ఇరవై ఏడేళ్ళకే కంటి ముందు దారాలా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడో తరగతి నుంచి అద్దాలున్నాయి. ఇప్పుడు కుడి కన్ను మైనస్ 6.5, ఎడమ కన్ను మైనస్ 7. నాలుగు నెలలుగా ఎడమ కంటి ముందు సన్నటి దారాలు, గాజు పురుగుల్లాంటివి కదులుతున్నాయి. తెల్లటి స్క్రీన్ మీద, ఎండలో ఆకాశం వైపు చూసినప్పుడు బాగా తెలుస్తున్నాయి. రాత్రి లైటు తీసేశాక కళ్ళు పక్కకి తిప్పితే అప్పుడప్పుడూ ఓ మూల మెరిసినట్టుంటోంది. కళ్ళజోడు షాపులో చూపించుకుంటే అద్దాలతో 6/6 ఉంది, ఏమీ లేదన్నారు. ఇది ల్యాప్‌టాప్ వల్లేనా? పైనాపిల్ తింటే కరిగిపోతాయట, అమ్మ రోజూ కోసి పెడుతోంది. లేజర్‌తో తీసేస్తామని ఒక ప్రకటన చూశాను. ఫిబ్రవరిలో నా పెళ్ళి. ఈలోగా అద్దాలు పోయేలా లాసిక్ ఆపరేషన్ చేయించుకుందామనుకుంటే ఇవి మొదలయ్యాయి. చూపు పోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉత్తరమంతా దారాల గురించే రాశారు. మేం ఆగింది మాత్రం రెండు మాటల దగ్గర: మైనస్ 7, చీకట్లో మెరుపు. ఆ రెండూ లేకపోతే ‘పర్వాలేదు, వీలున్నప్పుడు చూపించుకోండి’ అనేవాళ్ళం. అవి ఉన్నాయి కాబట్టి ఈ వారంలోనే రెటీనా (కంటి వెనక గోడకి అంటుకుని ఉండే, బొమ్మ పడే పొర) డాక్టరు దగ్గర కంటిపాప పెద్దది చేసి చూసే పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్ష అయ్యేదాకా లాసిక్ మాట పక్కన పెట్టండి. ఈలోగా నల్లటి చుక్కలు ఒక్కసారిగా మసి చల్లినట్టు కనిపించినా, మెరుపులు ఎక్కువైనా, ఏదో ఒక పక్కనుంచి తెర దిగినట్టో లేచినట్టో అనిపించినా, చూపు మసకబారినా వారం ఆగకండి. అదే రోజు వెళ్ళండి, ఆదివారమైనా సరే.

భయపడమని చెప్పడం లేదు. నాలుగు నెలలుగా అవే దారాలు అలాగే ఉన్నాయంటే చాలావరకు మంచి కబురే. ఎందుకో తెలియాలంటే కంటి లోపలికి ఒకసారి వెళ్ళాలి.

కంటిలో లెన్స్ వెనక నుంచి రెటీనా వరకు ఉన్న చోటంతా ఒక పారదర్శకమైన జెల్ నిండి ఉంటుంది. బళ్ళో ‘కాచావత్ కక్ష్య’ అని చదువుకుని ఉంటారు. డాక్టర్లు విట్రియస్ అంటారు. మొత్తం కలిపి దాదాపు 4 మిల్లీలీటర్లు, టీస్పూనుకి కాస్త తక్కువ. అందులో 98 శాతానికి పైగా నీళ్ళే. మిగిలిన ఆ కొద్దిపాటిలో కొలాజెన్ అనే కంటికి ఆనని పోగులు, అవి ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో నీటిని పట్టి ఉంచే హయలురోనిక్ యాసిడ్ ఉంటాయి. ఈ ఏర్పాటు చెడితే నీళ్ళు ఒక పక్కకి, పోగులు ఒక పక్కకి చేరతాయి. గడ్డపెరుగు గరిటెతో తీసిన గుంటలో కాసేపటికి నీళ్ళు ఊరతాయి చూడండి, అలాగన్నమాట. విడిపోయిన పోగులు ముద్దకట్టి ఆ నీళ్ళలో ఊగుతుంటాయి. వాటి నీడ రెటీనా మీద పడుతుంది. మీరు చూస్తున్నది ఆ నీడనే.

ఇది ముసలితనంలో వచ్చేదని చాలామంది అనుకుంటారు. నిజానికి 14–18 ఏళ్ళకే జెల్‌లో అయిదో వంతు దాకా నీరుగా మారి ఉంటుంది. మైనస్ ఎక్కువున్న కళ్ళలో ఇది ఇంకా ముందే, ఇంకా ఎక్కువగా జరుగుతుంది. కారణం కంటి పొడవు. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు. సుమారుగా మైనస్ 3కి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే మీ ఎడమ కన్ను 26 దాటి ఉండొచ్చు. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, బెలూన్‌లా సాగిన ఆ కంటిలో రెటీనా పలచబడుతుంది, జెల్ త్వరగా నీరవుతుంది. వయసు మీద పడ్డాక జెల్ మొత్తంగా రెటీనా నుంచి ఊడి ముందుకు రావడం మామూలే. దాన్ని పీవీడీ అంటారు. అందరికీ సాధారణంగా యాభై దాటాక వచ్చేది, మైనస్ 6 దాటినవాళ్ళకి ఓ పదేళ్ళు ముందే రావచ్చు.

మీ వయసులో ఈ దారాలు ఎందుకింత చిరాకు పెడతాయో ఇంట్లోనే చూడొచ్చు. రాత్రి పూట ఒక చిన్న బల్బు వెలుగులో గోడకి దగ్గరగా వేలు పెట్టండి. నీడ నల్లగా, అంచులు తీరుగా పడుతుంది. వేలిని గోడ నుంచి వెనక్కి జరపండి, నీడ మసకబారుతుంది. ఇప్పుడు బల్బు ఆపి ట్యూబ్‌లైటు వేయండి, నీడ ఇంకా పలచబడుతుంది. గోడ మీ రెటీనా, వేలు ఆ పోగు, దీపం మీ కంటిపాప. చిన్న వయసువాళ్ళకి పోగులు తరచుగా రెటీనాకి బాగా దగ్గరలో ఉంటాయి. అందుకే వెంట్రుకంత సన్నదైనా స్పష్టంగా గాజు పురుగులా కనిపిస్తుంది. ఎండలో, తెల్లటి స్క్రీన్ ముందు కంటిపాప 2 మిల్లీమీటర్లకి ముడుచుకుంటే అది చిన్న బల్బు. మసక గదిలో 5, 6 మిల్లీమీటర్లకి తెరుచుకుంటే అది ట్యూబ్‌లైటు. ఆఫీసులో కనిపించేవి ఇంటికొచ్చాక సాయంత్రం మాయమయ్యేది అందుకే, తగ్గిపోయి కాదు. ఇంకో సంగతి. అంత సన్నటి పోగు డాక్టరుగారికి యంత్రంలోంచి చూసినా కనిపించకపోవచ్చు. కనిపించలేదన్నారంటే మీరు కల్పించుకుంటున్నారని కాదు.

ల్యాప్‌టాప్ ఈ దారాల్ని పుట్టించదు, చూపిస్తుందంతే.

కన్ను తిప్పినప్పుడు కదిలి, ఆపాక కూడా కాస్త జారుతూ వెళితే అది జెల్‌లో తేలేదే. సూటిగా చూద్దామంటే పక్కకి తప్పుకుంటుంది, కంటితోపాటే తిరుగుతుంది కాబట్టి. కదలకుండా చూపు మధ్యలోనే ఒక మచ్చ నిలిచిపోయినా, కిటికీ ఊచలు, ఫ్లోర్ టైల్స్ గీతలు వంకరగా కనిపించినా అది వేరే కథ. అది రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో సమస్య, వెంటనే చూపించుకోవాలి. మైనస్ ఎక్కువున్నవాళ్ళకీ, స్టెరాయిడ్లు వాడే కుర్రవాళ్ళకీ ఇది వస్తుంటుంది. నీలాకాశంలో మెరిసే చుక్కలు చకచకా పరుగెత్తి మాయమైతే మాత్రం అవి రెటీనా రక్తనాళాల్లో సాగిపోయే తెల్ల రక్తకణాలు. అందరికీ కనిపిస్తాయి, వాటిని వదిలేయండి. రెండు కళ్ళకీ జిగ్‌జాగ్ గీతలు మెరుస్తూ ఇరవై, ముప్పై నిమిషాల్లో సర్దుకుంటే అది చాలావరకు మైగ్రేన్.

ఇక మెరుపు. రెటీనాకి నొప్పి తెలియదు. లాగినా, నొక్కినా దానికి తెలిసిన భాష వెలుగొక్కటే. జెల్ రెటీనా అంచుల్ని పట్టుకుని ఉన్నచోట, కన్ను విసురుగా తిప్పినప్పుడు లాగుతుంది. ఆ లాగుడే చీకట్లో మెరుపుగా కనిపిస్తుంది. మైనస్ కళ్ళలో ఏ ప్రమాదమూ లేకుండా కూడా ఇలా రావచ్చు. కానీ ఆ లాగుడుకి రెటీనా చిరిగిందా లేదా అన్నది లోపల చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, మేం కూడా. చిరిగితే లోపలి రంగు కణాలో రక్తమో జెల్‌లోకి రాలుతాయి. మసి చల్లినట్టు కనిపించేది అదే. ఆ చిరుగులోంచి నీరు దూరి రెటీనాని వెనక గోడ నుంచి ఊడదీస్తే తెర కనిపిస్తుంది. కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి పైభాగం ఊడితే తెర కిందనుంచి లేస్తుంది, కిందిభాగం ఊడితే పైనుంచి దిగుతుంది. మాక్యులా దాకా ఊడకముందే ఆపరేషన్ అయితే చూపు బాగా నిలబడుతుంది. దాటితే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ‘అదే రోజు’ అని పట్టుబట్టేది అందుకే.

లెక్కలు కూడా చూడండి. పీవీడీ కొత్తగా వచ్చి దారాలో మెరుపులో మొదలైనవాళ్ళలో ఏడుగురిలో సుమారు ఒకరికి చిరుగు దొరుకుతుంది. రెటీనా ఊడటం మామూలు జనంలో ఏడాదికి దాదాపు పదివేల మందిలో ఒకరికి. మైనస్ 3 దాటితే అది పదింతల దాకా పెరుగుతుంది. పదింతలైనా వెయ్యిలో ఒకటే అనుకోండి, భయపడి నిద్ర మానుకునేంత కాదు, పరీక్ష మానేసేంత తక్కువా కాదు.

చిన్న వయసు మైనస్ కళ్ళలో ఇంకో చిక్కుంది. లాటిస్ అని, రెటీనా అంచున పలచబడిన పట్టీలుంటాయి. వందలో ఎనిమిది మంది దాకా ఉండేదే, మైనస్ ఉన్నవాళ్ళలో మరీ ఎక్కువ. కొందరికి దాంట్లో చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలు పడి, నెలల తరబడి మెల్లగా రెటీనా ఊడుతుంది. మెరుపుండదు, మసి ఉండదు, నొప్పి అసలే ఉండదు. మధ్యచూపు చివరిదాకా 6/6 ఉంటుంది. కళ్ళజోడు షాపులో చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళు కొలిచింది మాక్యులా పని. సమస్య వచ్చేచోటు అంచు, అది వాళ్ళ చార్టుకి అందదు. ఉచిత శిబిరాల్లో అద్దాల కోసం చేసే పరీక్ష కూడా ఇంతే.

పరీక్ష ఎలా ఉండాలో చెబుతాం, తక్కువ చేసి పంపితే మీకే తెలుస్తుంది. ముందు ట్రోపికమైడ్ ఉన్న చుక్కలు రెండు మూడు సార్లు వేస్తారు. కంటిపాప తెరుచుకోవడానికి ముప్పై, నలభై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ భరించలేరు. కాబట్టి బండి వేసుకుని వెళ్ళకండి, చలువ అద్దాలు పట్టుకెళ్ళండి, ఆ పూట సెలవు పెట్టండి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసి వెళ్ళాలి. స్లిట్‌ల్యాంప్ (గడ్డం ఆనించి కూర్చుంటే కంటిని పెద్దగా చూపే యంత్రం) దగ్గర జెల్‌నీ మాక్యులానీ చూస్తారు. అసలు భాగం తర్వాతది. మిమ్మల్ని పడుకోబెట్టి, డాక్టరు తలకి లైటు కట్టుకుని, చేతిలో లెన్సు పట్టుకుని ఎనిమిది దిక్కులా చూడమంటారు. అవసరమైతే రెప్ప మీంచి చిన్న లోహపు పుల్లతో నొక్కి, అంచుని లోపలికి తెచ్చి చూస్తారు. దాన్ని ఇండెంటేషన్ అంటారు, కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోండి. వెడల్పు ఫొటో తీసే యంత్రాలు వచ్చాయి గానీ, ఫొటో ఒక్కటే తీసి పంపిస్తే మీలాంటివారికి సరిపోదు. రెండు కళ్ళూ చూడాలి. బయటికి వచ్చే ముందు మూడు ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాయించుకోండి: చిరుగు గానీ రంధ్రం గానీ ఉందా, లాటిస్ ఉందా, పీవీడీ అయ్యిందా.

ఖర్చు భయం ఉంటే మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఆంధ్రలో ఉన్న పాఠకులకి విశాఖ, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రులున్నాయి.

చిరుగు కనిపిస్తే దాని చుట్టూ లేజర్‌తో చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ చేసినట్టు కంచె కడతారు. మత్తుసూది లేకుండా చుక్కల మందుతో, కుర్చీలోనే, పావుగంటలో అయిపోతుంది. ఆ మచ్చ గట్టిపడటానికి రెండు వారాల దాకా పడుతుంది. అన్నాళ్ళూ జిమ్‌లో బరువులు, తలకి దెబ్బ తగిలే ఆటలు వద్దు. ఈ లేజర్‌తో దారాలు పోవు. దీన్నీ ప్రకటనల్లో చూపించే లేజర్‌నీ జనం ఒకటే అనుకుంటారు. అలాగని లాటిస్ కనిపించగానే అందరికీ లేజర్ చేసేయడమూ సరి కాదు. లక్షణాలు లేని వట్టి లాటిస్‌ని చాలామందికి ఏడాదికోసారి చూసుకుంటే చాలు. మీకు మెరుపుంది, మైనస్ ఎక్కువ, కాబట్టి డాక్టరు చేద్దామంటే కారణం ఉండొచ్చు. ఆ కారణం ఏమిటో అడిగి తెలుసుకోండి.

ప్రకటనల్లో వచ్చేది యాగ్ లేజర్. ముద్దకట్టిన పోగుని చిన్న చిన్న పేలుళ్ళతో ముక్కలు చేస్తుంది. 2017లో అమెరికాలో 52 మంది మీద నకిలీ లేజర్‌తో పోల్చి చూసిన ఒక పరిశోధనలో ఆరు నెలలకి యాగ్ చేయించుకున్నవాళ్ళకి 54 శాతం ఉపశమనం కనిపించింది, నకిలీ చేసినవాళ్ళకి 9 శాతం. బాగుందే అనిపిస్తుంది. కానీ వాళ్ళంతా పీవీడీ అయి, రెటీనాకి దూరంగా ఒక రింగులాంటి పెద్ద ముద్ద తేలుతున్నవాళ్ళు. మీ దారాలు సన్నవి, బహుశా రెటీనాకి ఆనుకుని ఉన్నవి. అక్కడ లేజర్ గురి కాస్త తప్పితే తగిలేది రెటీనాకే, ముందుకి తప్పితే లెన్సుకి దెబ్బ తగిలి శుక్లం వస్తుంది. మీ వయసులో, మీరు వర్ణించిన రకానికి మేం వద్దంటాం.

జెల్‌నే తీసేసే ఆపరేషన్ విట్రెక్టమీ. దాదాపు అర మిల్లీమీటరు మందమున్న సన్నటి గొట్టాలు లోపలికి పంపి చేస్తారు. దారాలు నిజంగానే పోతాయి. కానీ మీ వయసులో జెల్ రెటీనాకి గట్టిగా అతుక్కుని ఉంటుంది, దాన్ని విడదీసేటప్పుడే కొత్త చిరుగులు పడే ప్రమాదం ఉంది. తర్వాత శుక్లం, అరుదుగా కంటిలోపల ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. చదవలేక, బండి నడపలేక ఏళ్ళ తరబడి అవస్థ పడేవాళ్ళకి తప్ప డాక్టర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది.

పైనాపిల్ తినండి, రుచిగా ఉంటే. అందులోని బ్రొమెలైన్ ప్రొటీన్‌ని కరిగిస్తుందన్నది నిజమే, ఎక్కువ తింటే నాలుక మండేది దానివల్లే. కానీ అది కడుపు దాటి, రక్తంలో కలిసి, కంటిలోపలికి చేరి, మీ కంటి పోగుల్ని వెతికి కరిగించి, పక్కనున్న మంచి పోగుల్ని వదిలేస్తుందనడానికి ఆధారం లేదు. దారాల్ని కరిగించే చుక్కల మందు, మాత్ర కూడా ఏదీ లేదు. అమ్మగారితో ఈ విషయంలో గొడవ వద్దు. ఆవిడ తేనో, ఉల్లిరసమో, ఇంకేదో ఆకు పసరో కంట్లో వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. వాటితో నల్లగుడ్డు మీద పుండ్లు పడి చూపు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

దారాలకి మైనస్ ఒక్కటే కారణం కాదని మిగతా పాఠకుల కోసం చెప్పాలి. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపులో పొగమంచులా దారాలు వస్తే అది లోపలి వాపు, యువియైటిస్. ఇరవై, ముప్పై ఏళ్ళ మగవాళ్ళకి ఉన్నట్టుండి ఎర్రటి, నల్లటి తీగలు కారి చూపు మూసుకుపోతే ఈల్స్ వ్యాధి కావచ్చు. 1880లో ఇంగ్లండ్ డాక్టర్ హెన్రీ ఈల్స్ వర్ణించిన ఈ జబ్బు మన దేశంలో ఎక్కువగా కనిపిస్తుంది, క్షయతో దీనికి సంబంధం ఉన్నట్టు చెబుతారు. షుగరున్నవాళ్ళకి రక్తం కారడం, బంతి తగిలినవాళ్ళకి రెటీనా చిరగడం ఉంటాయి. వీళ్ళెవరూ ‘వయసు చిన్నదే కదా’ అని ఆగకూడదు.

పరీక్షలో అంతా బాగుందని తేలితే మిగిలేది దారాలతో సర్దుకోవడం. మూడు నుంచి ఆరు నెలల్లో మెదడు వాటిని చాలావరకు పట్టించుకోవడం మానేస్తుంది, మీరు పదే పదే వెతక్కపోతే. పొద్దున లేవగానే సీలింగ్ వైపు చూసి ‘ఉన్నాయా’ అని వెతుక్కునే అలవాటు ఉంటే అది మానాలి. పనిచేసేటప్పుడు స్క్రీన్ బ్యాక్‌గ్రౌండ్ తెలుపు నుంచి ముదురు బూడిద రంగుకి మార్చండి. డాక్యుమెంట్లకి లేత గోధుమ రంగు పెట్టండి. బ్రైట్‌నెస్ ఎంత ఉండాలంటే, స్క్రీన్ మీద తెల్ల పేజీ పక్కన ఒక తెల్ల కాగితం పెడితే రెండూ ఒకేలా కనిపించాలి. కిటికీకి ఎదురుగా కూర్చోకండి. ఎండలో పవరున్న చలువ అద్దాలు వాడండి. దారం సరిగ్గా చదివే వరుస మీదికి వస్తే కళ్ళు నలపకండి. రెండు మూడు సార్లు పైకీ కిందికీ చూస్తే జెల్ కదిలి అది పక్కకి జరుగుతుంది.

వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఒకే తెల్లగోడ ముందు, ఒక కన్ను అరచేత్తో నొక్కకుండా మూసి, రెండో కంటితో పది సెకన్లు చూడండి. తర్వాత ఆ కంటితోనే గోడ నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. మొదటిసారి కనిపించిన దారాల బొమ్మ తేదీతో గీసి పెట్టుకోండి. పాతవి పాత ఆకారాల్లోనే ఉంటే పుస్తకం మూసేయండి. కొత్తవి ఒక్కసారిగా వస్తేనో, ఓ మూల నల్లగా ఉంటేనో ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

లాసిక్ సంగతి. పరీక్షలో చిరుగు లేకపోతే, లేదా లేజర్ చేశాక రెటీనా డాక్టరు సరేనంటే చేయించుకోవచ్చు. ఫిబ్రవరి లోపు అవుతుందా అన్నది వాళ్ళ చేతుల్లో ఉంది, ముహూర్తానికి తొందరపడి, రెటీనాకి అవసరమన్న లేజర్ మానకండి. లాసిక్‌లో చెక్కేది నల్లగుడ్డు ముందు పొర, అది మధ్యలో అర మిల్లీమీటరు మందం ఉంటుంది. కంటి పొడవు అంతే ఉంటుంది, పలచబడిన రెటీనా అంతే ఉంటుంది, దారాలూ ఉంటాయి. అద్దాలు పోయాక కొత్త డాక్టరు మీ కేస్ షీట్‌లో ‘పవర్ లేదు’ అని రాసుకుంటారు. అందుకే పాత పవర్ కాగితం దాచుకోండి. ఎక్కడికి వెళ్ళినా ‘నాది మైనస్ 7 కన్ను, లాసిక్ అయ్యింది’ అని చెప్పండి. రెటీనా పరీక్ష లాసిక్ తర్వాత కూడా ఏడాదికోసారి చేయించుకోవాలి.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ పెళ్ళి మాట వచ్చింది కాబట్టి. మైనస్ ఎక్కువున్న ఆడవాళ్ళు నార్మల్ డెలివరీలో ముక్కితే రెటీనా ఊడిపోతుందని మన దగ్గర ఇంకా కొందరు సిజేరియన్ సిఫారసు చేస్తుంటారు. లాటిస్ ఉన్నవాళ్ళని కూడా ప్రసవానికి ముందూ తర్వాతా పరీక్షించి చూశారు, తేడా కనిపించలేదు. కళ్ళ కోసమని మాత్రమే ఆపరేషన్ అక్కర్లేదు. ఆ రోజు వచ్చినప్పుడు గైనకాలజిస్టు ఈ మాట ఎత్తితే, అప్పటికి తాజాగా చేయించుకున్న రెటీనా పరీక్ష కాగితం చూపించండి.